ఆపరేషన్ ఉంది, పసికందుకు టైమే దొరకడం లేదు

పుట్టుకతో వచ్చే గుండె జబ్బు అనగానే చాలామందికి గుర్తొచ్చేది గుండెలో రంధ్రం. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి, నా బాధ వాటి గురించి కాదు. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 8, 9 మంది ఏదో ఒక గుండె లోపంతో పుడుతున్నారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఏడాది లోపే ఆపరేషనో, కాథెటర్ చికిత్సో (రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చేసేది) తప్పదు.

గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులూ తారుమారైన బిడ్డనే చూడండి. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది, ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం మళ్లీ ఒంట్లోకే. దీన్ని సరిచేసే ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్‌ను 1975లో బ్రెజిల్ సర్జన్ అదీబ్ జతేనె తొలిసారి విజయవంతంగా చేశారు. ఆ రెండు ధమనులను కోసి, చోట్లు మార్చి కుట్టడం ఒక ఎత్తయితే, గుండె కండరానికే రక్తమిచ్చే ఒకటి రెండు మిల్లీమీటర్ల కరోనరీ నాళాలను చుట్టూ ఉన్న గోడముక్కతో సహా తీసి కొత్త చోట అతకడం మరో ఎత్తు. అవి కాస్త మెలిపడినా కండరానికి రక్తం అందదు. ఇంత కష్టమైన ఆపరేషన్ తర్వాత కూడా, అనుభవమున్న ఆస్పత్రుల్లో అత్యధిక శాతం పిల్లలు బతుకుతున్నారు.

కాకపోతే మామూలుగా మొదటి రెండు మూడు వారాల్లోనే చేసేయాలి, ఆలస్యమైతే ఎడమ జఠరిక (గుండెలో ఎడమవైపు కింది గది) బలం తగ్గిపోతుంది. ఇంకొన్ని లోపాల్లో గడువు అంతకంటే తక్కువ. కడుపులో ఉన్నప్పుడు ఆ రెండు పెద్ద ధమనులను కలిపే డక్టస్ అనే నాళం తెరిచి ఉన్నంతసేపూ బిడ్డ బాగానే కనిపిస్తుంది, మామూలుగా అది మొదటి రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది, అంటే సరిగ్గా డిశ్చార్జ్ అయ్యే వేళకి!

అందుకే పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడకుండా ఏ బిడ్డనూ ఇంటికి పంపకూడదని నేను గట్టిగా అంటాను. నొప్పి లేదు, నిమిషాల పని. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువ వస్తే వెంటనే కదలాలి, రెండు చోట్లలో ఏ ఒక్కచోట 95కి తక్కువున్నా, రెండింటికీ మూడు పాయింట్లకు మించి తేడా ఉన్నా గంటలో మళ్లీ చూడాలి. అమెరికా 2011లోనే దీన్ని సిఫార్సు చేసింది. కొన్ని లోపాలు, ముఖ్యంగా బృహద్ధమని ఇరుకైన కేసులు, దీనికి దొరక్కపోవచ్చు, కొన్నిసార్లు అనవసరంగా టెన్షన్ కూడా పెడుతుంది. అయినా కళ్లతో చూసి ఒంటి నీలిరంగు పట్టుకోవడం ఎంత కష్టమో, ముఖ్యంగా చామనఛాయ పిల్లల్లో, నర్సులను అడగండి.

దొరికాక కూడా బిడ్డను అలాగే అంబులెన్స్ ఎక్కించేయకూడదు. డక్టస్ మీదే ఆధారపడ్డ లోపమని అనుమానమొస్తే ఎకో (గుండె స్కాన్) దాకా ఆగకుండా, డక్టస్‌ను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు డ్రిప్ మొదలుపెట్టాలి. ఆ మందుతో ఒక్కోసారి ఊపిరి ఆగుతుంది కాబట్టి శ్వాస అందించగలిగిన మనిషి దారి పొడవునా పక్కనే ఉండాలి.