సవరణ: అడాపలీన్ జెల్ పూసే తీరు

టీనేజీ పిల్లల మొటిమల గురించి రాసిన పోస్టులో, అడాపలీన్ జెల్‌ను పొద్దున, మొటిమ మీద మాత్రమే పెట్టమన్నాం. అది తప్పు. 0.1 శాతం జెల్‌ను రాత్రి, మొటిమలు వచ్చే భాగమంతా పూయాలి. ఇంకా పైకి తేలని, మూసుకుపోయిన రంధ్రాల మీదే దాని అసలు పని. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక శనగగింజంత తీసుకుని నుదురు, బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచాలి. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో వద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు. పొట్టు లేచి మొటిమలు ఎక్కువైనట్టు కనబడగానే పిల్లలు ఆపేస్తారు; తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

మొటిమలకే పూసే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌ను అదే పోస్టులో 5 శాతం అన్నాం; మొదలుపెట్టడానికి 2.5 చాలు, మంట తక్కువ. ఈ మందు తగిలితే రంగు దిండు గలీబు మీద మచ్చలు తేలతాయి, తెల్లది వేయండి.

కడప ఎండకు పగలు జెల్ రకం సన్‌స్క్రీన్ తప్పదు. మెడికల్ షాపు క్రీము ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ల పేర్లుంటే ముఖానికి పూయొద్దు. లోతుగా గట్టి గడ్డలు, గుంటలు పడుతుంటే నేరుగా చర్మవైద్యుల దగ్గరికే.