కడుపుతో ఉన్నప్పుడు సర్పి వస్తే బిడ్డ దక్కదా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకీ జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒక్కోచోట ఒకటీ అరా మాటలు మారుతున్నాయి గానీ విషయం ఇదే: కడుపుతో ఉన్నావిడకి సర్పి వస్తే ఆ వైరస్ బిడ్డకి పాకి అవిటితనంతో పుడుతుంది, గర్భం నిలవదు, సర్పి నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే తల్లి కూడా దక్కదు, ఇంగ్లిష్ మందులు వాడితే బిడ్డకి మరీ ప్రమాదం, కాబట్టి మంత్రం వేయించి జాజు పూయించాలి, ఉప్పూ పులుపూ నూనే మానేయాలి, ఇంట్లో ఇంకో గర్భిణి ఉంటే ఆవిడకీ సర్పి అంటుకుంటుంది. చివర్లో మామూలే, పది మందికి పంపమని.

ఏడో నెలలో, వీపు మంటకి నిద్రపట్టక ఫోన్ చేతిలోకి తీసుకున్న అమ్మాయి కంట్లో ఇది పడిందంటే ఇక ఆ రాత్రి ఎవరు ధైర్యం చెప్పినా ఎక్కదు.

ఇందులో ఉన్నవన్నీ గాలిలోంచి పుట్టినవి కావు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆటలమ్మ గురించిన నిజమైన భయం ఒకటి, జననాంగాలకి వచ్చే హెర్పిస్ గురించిన భయం ఇంకొకటి, పాతకాలం పాము కథ మరొకటి, అన్నీ తెచ్చి సర్పి నెత్తిన పెట్టారు.

"వైరస్ బిడ్డకి పాకి అవిటితనం వస్తుంది"

ముందు సర్పి ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. కొన్ని ఊళ్లలో అక్కి అంటారు, డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు, అంతా ఒకటే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి చేరిన వారిసెల్లా జోస్టర్ వైరస్ జబ్బు తగ్గాక కూడా బయటికి పోదు, వెన్ను పక్కన ఉండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి లేచి ఒకే నరం వెంట చర్మం దాకా వస్తుంది, అదే సర్పి. అంటే ఇది బయటి నుంచి కొత్తగా వచ్చిన జబ్బు కాదు. తల్లి ఒంట్లో ఈ వైరస్‌ని ఎదిరించే యాంటీబాడీలు ఎప్పుడో తయారై ఉన్నాయి, అవి మాయ దాటి బిడ్డకి కూడా అందుతూ ఉంటాయి. పైగా వైరస్ నరం దారిలో పోతుందే తప్ప ఆటలమ్మలోలాగా రక్తంలో పడి ఒళ్లంతా తిరగదు, మాయ దాకా చేరే అవకాశం దానికి పెద్దగా ఉండదు.

ఇది కేవలం లెక్క కట్టి చెప్పే మాట కాదు, చూసి చెప్పింది. బ్రిటన్‌లోనూ జర్మనీలోనూ 1980 నుంచి 1993 దాకా గర్భంతో ఉండగా ఈ వైరస్ జబ్బులు వచ్చిన ఆడవాళ్లని నమోదు చేసుకుని, పుట్టిన పిల్లల్ని పరీక్షించి, ఫలితాలు 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అందులో 1,373 మందికి ఆటలమ్మ వచ్చింది, 366 మందికి సర్పి వచ్చింది. ఆ 366 మంది పిల్లల్లో ఒక్కరిలో కూడా కడుపులో ఉండగా ఈ వైరస్ సోకి హాని చేసిన గుర్తు కనబడలేదు. 366 అంటే లక్షలు కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు, అడగాల్సిందే. అయినా గర్భిణికి ఒక పక్క మామూలుగా వచ్చిన సర్పి బిడ్డకి హాని చేయదన్న మాటే డాక్టర్లు ఇప్పటికీ చెబుతున్నారు, దాని కోసం అదనంగా స్కాన్‌లు కూడా రాయరు.

మరి ఆ మెసేజ్‌లోని అవిటితనం, అంటే బిడ్డ కళ్లూ చేతులూ దెబ్బతినడం అన్నది ఎక్కడిదంటే, ఆటలమ్మది. ముందెప్పుడూ రానివాళ్లకి గర్భంతో ఉండగా మొదటిసారి ఆటలమ్మ వస్తే అది వేరే కథ. అదే అధ్యయనంలో మొదటి 12 వారాల్లో వచ్చినవాళ్లలో 0.4 శాతం మందికి, 13 నుంచి 20 వారాల మధ్య వచ్చినవాళ్లలో 2 శాతం మందికి బిడ్డలో లోపాలు కనబడ్డాయి. అక్కడ కూడా నూటికి తొంభై ఎనిమిది మంది పిల్లలకి ఏమీ కాలేదని గమనించండి. తల్లికి న్యుమోనియా వచ్చే ప్రమాదం, కాన్పుకి 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత దాకా పొక్కులు లేస్తే పసిబిడ్డకి తీవ్రంగా సోకే ప్రమాదం, ఇవి కూడా ఆటలమ్మవే.

అందుకే వచ్చింది ఏదో తేల్చుకోవడమే ముఖ్యం. సర్పి సాధారణంగా ఒక పక్కనే, పట్టీలాగా వస్తుంది, పొక్కులు లేవడానికి రెండు మూడు రోజుల ముందే అక్కడ మంట, పోటు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఆటలమ్మ జ్వరంతో మొదలై రెండు పక్కలా, మొహం మీదా, తలలో కూడా లేస్తుంది, నొప్పి కంటే దురద ఎక్కువ. ఏ కొంచెం అనుమానం ఉన్నా ఫోటో గ్రూపులో పెట్టకుండా డాక్టర్‌కి చూపించండి.

"గర్భం నిలవదు"

సర్పి వల్ల గర్భస్రావాలు పెరుగుతాయని ఆధారం లేదు. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఏ సర్పీ లేకుండానే మొదటి నెలల్లో పోతాయి, వాటిలో ఎవరికైనా అంతకుముందు సర్పి వచ్చి ఉంటే నింద దాని మీద పడుతుంది. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలో అప్పుడే చేయించుకోండి. సర్పి వచ్చింది కాబట్టి తీయించేసుకుంటే మంచిదేమో అని ఇంట్లోవాళ్లు గుసగుసలాడుతున్నారంటే ఆ మాట అక్కడే ఆపేయండి.

"తలా తోకా కలిస్తే ప్రాణం పోతుంది"

పాము చుట్టుకుంటున్నట్టు కనబడుతుంది కాబట్టి పుట్టిన కథ ఇది. వెన్నుపాము నుంచి ప్రతి మెట్టులోనూ కుడికి ఒక నరం, ఎడమకి ఒక నరం వస్తాయి, ఒక్కోటి తన పక్క చర్మాన్ని మధ్య గీత దాకా చూసుకుంటుంది. లేచిన వైరస్ ఉన్నది ఒక పక్క నరంలో, కాబట్టి పొక్కులు బొడ్డు దగ్గరికో రొమ్ము మధ్యకో వచ్చి ఆగిపోతాయి. ఎప్పుడో అరుదుగా రెండు పక్కలా వచ్చినా, కలిసిన చోట చావు కాచుకుని ఏమీ ఉండదు. ఒంట్లో చాలా చోట్ల పొక్కులు లేస్తుంటే మాత్రం రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమో చూడాలి, అప్పుడు ఆసుపత్రిలో చేర్చి రక్తనాళం ద్వారా మందు ఎక్కించాల్సి రావచ్చు.

"ఇంగ్లిష్ మందులు బిడ్డకి ప్రమాదం"

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ ముక్కే, ఎందుకంటే మిగతావి భయపెట్టి ఊరుకుంటాయి, ఇది వైద్యం ఆపిస్తుంది.

సర్పికి ఇచ్చే మందు ఎసైక్లోవిర్. 1980ల నుంచి వాడుకలో ఉన్నదే, దాని వెనక పనిచేసినవాళ్లలో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది. గర్భిణుల సంగతి డెన్మార్క్‌లో చూశారు, అక్కడ పుట్టే ప్రతి బిడ్డ వివరాలూ, ఎవరు ఏ మందు కొన్నారన్న వివరాలూ రికార్డుల్లో ఉంటాయి. 8 లక్షల 37 వేలకు పైగా కాన్పులు తిరగేసి 2010లో లెక్క బయటపెట్టారు: మొదటి మూడు నెలల్లో ఎసైక్లోవిర్ గానీ అదే జాతి మందులు గానీ వాడిన 1,804 మందిలో పుట్టుకతో లోపాలున్న పిల్లలు 2.2 శాతం, వాడనివాళ్లలో 2.4 శాతం. తేడా లేదనే అర్థం. అలాగని షాపుకెళ్లి కొనుక్కుని మింగమని కాదు. అందరికీ అవసరం ఉండదు కూడా. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో మీ గైనకాలజిస్టు తేలుస్తారు. కానీ ఈ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులూ మెసేజ్‌లు చదువుతూ, మంత్రగాడి కోసం పక్క ఊరు తిరుగుతూ గడిపేస్తే పోయేది అదే.

తమాషా ఏమిటంటే ఎసైక్లోవిర్ అంటే బెదిరిపోయే ఇళ్లలోనే నొప్పి తట్టుకోలేక డైక్లోఫెనాక్ ఇంజక్షనో, ఐబుప్రొఫెన్ మాత్రో ఎవరినీ అడక్కుండా తెచ్చేస్తారు. గర్భిణి జాగ్రత్తపడాల్సింది వీటితో. 20 వారాలు దాటాక ఈ రకం నొప్పి మందులు బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది, ఇక చివరి మూడు నెలల్లో అయితే బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. నొప్పికి మామూలుగా వాడేది పారాసెటమాల్, చల్లటి తడిగుడ్డ. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌నే అడగాలి.

"మంత్రం, జాజు, పథ్యం"

సర్పి పొక్కులు వారం పది రోజుల్లో ఎండి పక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోతాయి, ఏం చేసినా, ఏం చేయకపోయినా. మంత్రానికి అంత పేరు రావడానికి ఇదే కారణం. పెద్దవాళ్ల తృప్తి కోసం ఎవరో వచ్చి వేపరొట్టతో దిగదుడిస్తే నాకేం అభ్యంతరం లేదు. పగిలిన పొక్కుల మీద మన్నూ, బూడిదా, ఆకు పసరూ పూస్తేనే అభ్యంతరం, అక్కడ చీము పట్టిందంటే ఇంకో జబ్బుకి ఇంకో మందు. పథ్యం సంగతి చెప్పక్కర్లేదు, కడుపులో బిడ్డ పెరుగుతున్న రోజుల్లో నెల రోజులు చప్పిడి కూడు పెట్టి ఎవరికి మేలు? సర్పి తిండి వేడి వల్ల రాలేదు, తిండి మానేస్తే పోదు.

"ఇంకో గర్భిణికీ సర్పి అంటుకుంటుంది"

ఇందులో సగం నిజం ఉంది, అదీ తలకిందులుగా. ఒకరి సర్పి ఇంకొకరికి సర్పిగా అంటుకోదు. కానీ పొక్కుల్లోని నీరు తగిలితే, ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకి, టీకా వేయించుకోనివాళ్లకి ఆటలమ్మ రావచ్చు. ఆ ఇంకో గర్భిణి అలాంటావిడ అయితే విషయం సీరియస్సే. మనలాంటి వేడి ప్రాంతాల్లో చలిదేశాల కంటే ఆటలమ్మ కాస్త పెద్ద వయసులో వస్తుంటుంది, ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో దీని టీకా లేదు, అందువల్ల ఇరవై ఏళ్లు దాటినా ఇంకా రానివాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అమ్మనడిగి గుర్తు చేసుకోండి, తేలకపోతే ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే ఐజీజీ అనే రక్తపరీక్ష ఉంది. రక్షణ లేదని తేలితే, సోకే అవకాశం వచ్చిన 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజక్షన్ ఇవ్వొచ్చు, కాబట్టి వెంటనే చెప్పాలి. ఆటలమ్మ టీకా బతికున్న వైరస్‌తో చేసింది, గర్భంతో ఉండగా వేయరు, కాన్పు తర్వాత వేస్తారు.

సర్పి వచ్చినావిడ పొక్కుల్ని బట్టతో కప్పుకుంటే, చేతులు కడుక్కుంటే, తువ్వాలు వేరుగా పెట్టుకుంటే అంటుకునే ప్రమాదం చాలా తగ్గుతుంది, అన్నీ పక్కు కట్టాక అసలు అంటదు. బాలింతకి వస్తే బిడ్డకి పాలు ఇవ్వొచ్చు, పొక్కులు రొమ్ము మీద ఉంటే మాత్రం మానేదాకా ఆ పక్క పట్టకుండా రెండో పక్క పట్టాలి.

ఇక మెసేజ్‌లో లేనివి. హెర్పిస్ జోస్టర్ అని రిపోర్టులో చూసి భర్తనో భార్యనో అనుమానించేవాళ్లు ఉన్నారు. సెక్స్ ద్వారా వచ్చేది హెర్పిస్ సింప్లెక్స్, అది వేరే వైరస్. కాన్పు సమయంలో జననాంగాల దగ్గర పుండ్లుంటే బిడ్డకి సోకుతుందని సిజేరియన్ చేసేది దానికి. ఇంకోటి, గర్భంలో బొడ్డు చుట్టూ విపరీతమైన దురదతో మొదలై రెండు పక్కలా బొబ్బలు వచ్చే పెమ్ఫిగాయిడ్ అనే జబ్బు అరుదుగా వస్తుంది, సర్పి అనుకుని వదిలేస్తారు. అది వైరస్ జబ్బే కాదు, కానీ నెలలు నిండకుండా కాన్పు అవ్వడం, బిడ్డ బరువు తగ్గడం దానితో ఉంటాయి, చర్మ డాక్టర్ చూడాలి.

అన్నిటికంటే తొందరపడాల్సింది మొహం మీద వచ్చినప్పుడు. నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే కంటి నరానికి పట్టి ఉండొచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంటుంది. ఎన్నో నెల అని చూడకుండా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గర్భంతో ఉన్నానని ముందే చెప్పండి.