సిల్క్ బోర్డు కన్నా పెద్ద జంక్షన్

బెంగళూరు ట్రాఫిక్‌ను పరిశీలించిన నిపుణులందరూ ఒకే పొరపాటు చేశారు. అందరూ రోడ్డు దగ్గర మొదలుపెట్టారు. అసలు రోడ్డు దాకా వచ్చేదెలా అన్నది ఒక్కరూ పట్టించుకోలేదు. హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో మూడో అంతస్తులో ఇద్దరు పిల్లలతో అద్దెకుంటున్న పౌరుడిగా ఆ లోటు పూడ్చడం నా ధర్మం.

ముందు లెక్కలు. బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పడుతుందని 2022 సంవత్సరానికి రోడ్ల మ్యాపులు తయారుచేసే టామ్‌టామ్ సంస్థ తేల్చింది. నెమ్మదిలో ఆ ఏడాది ప్రపంచంలో లండన్ తర్వాత మనమే. ఆ వార్త ఫార్వర్డ్ చేసుకుంటూ అందరూ బాధపడ్డారు. నాకు అసూయ కలిగింది. ఎందుకంటే పడకగదిలో మంచం నుంచి వీధి తలుపు పక్కన చెప్పుల స్టాండ్ దాకా నేను టేపు పెట్టి కొలిచాను. 24 అడుగులు. మా అమ్మాయికి ఐదున్నరేళ్లు, యూకేజీ. స్కూలున్న రోజు ఆ 24 అడుగులు దాటడానికి ఆవిడకు పట్టే సమయం 50 నిమిషాలు. ఇదే వేగంతో 10 కిలోమీటర్లు పోవాలంటే 47 రోజులు. ఈలోగా అయ్యప్ప మాల వేసుకుని, 41 రోజుల దీక్ష ముగించి, శబరిమల వెళ్లొచ్చి, చుట్టుపక్కల ఇళ్లకు అరవణ పంచిపెట్టొచ్చు.

మా ఇంటికి దగ్గర్లో, ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్‌కు ఆ పేరు అక్కడున్న కేంద్ర పట్టు మండలి ఆఫీసు వల్ల వచ్చింది. 1948 నాటి చట్టంతో పుట్టిన సంస్థ. హారన్లు కొట్టుకుంటూ రోజూ దాని ముందు నిలబడే జనంలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, మా అమ్మకు బాగా తెలుసు. మాది హిందూపురం వైపు. పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న ఊరు. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని ఫ్యాన్ వంక చూస్తున్న మనవరాలిని చూసి మా అమ్మ, "రెండో జ్వరానికి పోయింది, ఇప్పుడు కదిలించొద్దండి" అంటుంది. నిజమే. కాసేపటికి లేచి గౌను మారుస్తుంది. ఈ గురువారం ఏడు నుంచి ఏడున్నరలోపు నాలుగుసార్లు మార్చింది. పురుగుకు రెండు వారాలకు పైగా పట్టే పని అరగంటలో ముగిసింది. చివరికి వేసుకున్నది మొదట మేం తీసిపెట్టిన యూనిఫామే.

రోడ్డు పరిస్థితి కూడా చెప్పాలి. నగరపాలక సంస్థ కోట్లు పోసి వైట్ టాపింగ్, అంటే తారు రోడ్డు మీద తెల్లటి కాంక్రీటు పొర, వేయిస్తోంది. మా హాల్లో ఆ పని మా మూడేళ్ల బుడ్డోడు ఒక్క గ్లాసు పాలతో ఉచితంగా చేస్తాడు. పని జరుగుతున్నంతసేపూ దారి మళ్లింపు. గుంతల బదులు పిల్లలు ఆడుకునే బిల్డింగ్ బ్లాకులున్నాయి. గుంతలో పడితే నడుం పోతుంది, వీటి మీద కాలేస్తే నోట్లోంచి పిల్లలు వినకూడని మాట వస్తుంది. ఆ మాట మర్నాడు స్కూల్లో మన గొంతుతోనే వినపడుతుంది. డైనింగ్ టేబుల్ కింద అండర్‌పాస్ ఉంది. అందులో పొద్దున పూట వాహనాలు ఆగిపోవడం మామూలే.

ఇక వీఐపీ రాకపోకలు. సరిగ్గా ఏడూ నలభైకి బుడ్డోడు "అమ్మా, కక్కా" అని ప్రకటిస్తాడు. ఆ క్షణం నుంచి అన్ని దారులూ బంద్. పళ్లు తోముకుంటున్నవాళ్లు నురగతోనే బయటికి రావాలి. గీజర్ ఉన్న బాత్రూమ్ ఒక్కటే మరి. కాన్వాయ్ దాటాక లోపలి నుంచి "ఏం రాలేదు" అని సమాచారం అందుతుంది.

ఇవన్నీ ఎలాగో దాటొచ్చు. అసలు జంక్షన్ చెప్పుల స్టాండ్ దగ్గరుంది. అమ్మాయి దాని మీద కూర్చుని కుడికాలు చాపుతుంది. సాక్స్ తొడుగుతాను. "ఏదో ఉంది నాన్నా" అంటుంది. తీసి, తిరగేసి, దులిపి చూపిస్తాను. ఏమీ లేదు. మళ్లీ తొడుగుతాను. "ఉంది." వేళ్ల దగ్గర సన్నటి కుట్టు ఒకటుంటుంది, దారం కన్నా కాస్త లావు. అది చిటికెన వేలికి తగలకూడదట. పక్కకు లాగితే మడమ దగ్గర ముడత పడుతుంది. ముడత సరిచేస్తే కుట్టు మళ్లీ వేలి మీదికొస్తుంది. ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివాను, ఇలాంటి సమస్య సిలబస్‌లో లేదు. మూడోసారి తొడిగాక ఆవిడ కళ్లు మూసుకుని, కాలి వేళ్లు ఒక్కొక్కటే కదిలించి, జాతకం చూస్తున్న సిద్ధాంతిలా కాసేపు మౌనంగా ఉండి, "ఇప్పుడు ఎడమకాల్లో ఉంది" అంటుంది. ఎడమకాలికి ఇంకా సాక్స్ వేయనేలేదు.

ఈ రద్దీకి పరిష్కారమేమిటి? రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా కింద కార్లు, పైన మెట్రో పోయేలా డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ కట్టి 2024 జూలైలో ఒక వైపు తెరిచారు. ఏడాది తర్వాత ఆగస్టులో పసుపు రంగు మెట్రో లైను కూడా మొదలైంది. మా హాల్లో అలాంటిది వేద్దామంటే సీలింగ్ తొమ్మిదిన్నర అడుగులే. పైగా ఓనరు క్యాలెండరుకు మేకు కూడా కొట్టనివ్వడు. పోనీ సిగ్నల్ వ్యవస్థ పెడదామని ఎర్ర, పచ్చ అట్టలు కత్తిరించాను. బుడ్డోడు పచ్చది నమిలేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎర్రలైటు మాత్రమే ఉంది.

పర్యవేక్షణ అవసరమని గ్రహించి, నేను సోఫాలో కూర్చుని ఫోన్లో మ్యాప్ చూస్తూ, ఎక్కడెక్కడ ఆలస్యమవుతోందో నోట్ చేసుకోవడం మొదలుపెట్టాను. 47 రోజుల లెక్క తేలింది అప్పుడే. ఆ సమయంలో మా ఆవిడ ఒక చేత్తో జడ వేస్తూ, ఇంకో చేత్తో టిఫిన్ బాక్సు మూత నొక్కుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఆఫీసువాళ్లతో "యా, ఐ యామ్ దేర్" అంటోంది. కాల్ మ్యూట్ చేసి నా వైపు తిరిగింది.

"ఏమండీ, జంక్షన్ మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చున్నది మీరే. ముందు మీరు లేవండి."

నిపుణుల నివేదికల్ని అధికారులు ఎలా చూస్తారో ఆ రోజు నాకు అర్థమైంది. కాళ్లు ముడుచుకున్నాను.

లిఫ్ట్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తలచుకుంటే బీపీ పెరుగుతుంది. బటన్ తను నొక్కాలి. పొరపాటున నేను నొక్కాను. కిందికి వచ్చాక మళ్లీ మూడో అంతస్తుకు వెళ్లి, తను నొక్కి, మళ్లీ దిగాం. గేటు దగ్గర స్కూల్ వ్యాన్ అన్న తల బయటికి పెట్టి, "బేగ బన్నీ సార్, లేట్ ఆయ్తు" అని, అంటే తొందరగా రండి, ఆలస్యమైందని, కన్నడంలో రోజూ అరిచే అరుపే అరిచాడు. అమ్మాయి మాత్రం నింపాదిగా ఎక్కి కిటికీ పక్కన కూర్చుని నాకు టాటా చెప్పింది.

ఆదివారం పొద్దున ఆరూ పదికి ఎవరో నా దుప్పటి లాగారు. కళ్లు తెరిస్తే అమ్మాయి. గౌను వేసుకుంది, జడ తనే ఏదో అల్లుకుంది, సాక్సులు, బూట్లు రెండు కాళ్లకూ ఉన్నాయి. వెనక బుడ్డోడు కూడా, ప్యాంటు లేకుండా గానీ, టోపీతో సిద్ధంగా ఉన్నాడు. లాల్‌బాగ్ తీసుకెళతానని రాత్రి నిద్రలో ఎప్పుడో మాటిచ్చానట.

"సాక్స్‌లో ఏం గుచ్చుకోవట్లేదా అమ్మలూ?"

"లేదే."

"ఒక్క ఐదు నిమిషాలు పడుకోనివ్వమ్మా" అని గోడ వైపు తిరిగాను. చెవి దగ్గరికి వచ్చి, గొంతు బొంగురు చేసుకుని అరిచింది:

"బేగ బన్నీ సార్, లేట్ ఆయ్తు!"