జవాను భూమి దావాలో ముందు కావాల్సిన కాగితం

మన శ్రీకాకుళం జిల్లాలో జీడితోట గట్టు మీదో, పంపకం తేలని కొబ్బరితోట మీదో దావా పడేసరికి ఇంటి జవాను సరిహద్దులో ఉంటాడు. సమన్లు అందుకున్న తల్లిదండ్రులు వాయిదా అడగడం తప్ప ఏం చెయ్యాలో తెలీక గుమస్తాల చుట్టూ తిరుగుతారు. ఈలోగా ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే జవాను హాజరు కాకుండానే ఇచ్చే తీర్పు, వచ్చేస్తుంది. ఇది చాలా అన్యాయం, ఎందుకంటే దీన్ని ఆపే చట్టం ఎప్పటినుంచో ఉంది.

సైన్యంలో జాగ్ (జడ్జి అడ్వకేట్ జనరల్) శాఖ ఉంది కదా అంటారు. అది సైన్యానికి సలహా ఇచ్చే శాఖ, సోంపేట కోర్టుకొచ్చి ఇంటి భూమి కేసు వాదించదు. అక్కడ ఇంటివాళ్లకు దారి చూపాల్సింది పారాలీగల్ వాలంటీరే, అంటే ఉచిత న్యాయ సహాయం కోసం శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తే. 2025 జులై 26న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక్ బోర్డుల్లో న్యాయ సేవా క్లినిక్‌లు పెడుతున్నారు. అక్కడ కూర్చునేవారిని పెన్షన్ అర్జీలు రాయడానికే వాడితే ఉద్యోగంలో ఉన్న జవానుకు ఒరిగేదేమీ లేదు.

ఆర్మీ యాక్ట్ 32వ సెక్షన్ చూడండి. కేసు కోసం సెలవు ఇచ్చామనో, అడిగాడనో యూనిట్ సర్టిఫికెట్ ఇస్తే, దాన్ని జతచేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు కోర్టు వీలైనంతవరకు ఆ సెలవులోపే విచారించి తేల్చాలి. దీనికి కోర్టు ఫీజు లేదు. కుదరదంటే కారణం రాసి, అడిగితే ఆ కాపీ ఉచితంగా ఇవ్వాలి. సర్టిఫికెట్‌లో సెలవు మొదటి రోజు, చివరి రోజు, కేసు వివరం ఉండాలి. చాలాసార్లు బెడిసికొట్టేది ఇక్కడే. మామూలు లీవు కాగితం తెచ్చి పెడతారు, అందులో దావా ఊసే ఉండదు. అందుకే సమన్లు అందిన రోజే కోర్టు పేరు, దావా నంబరు, వాయిదా తేదీ జవానుకు వాట్సాప్‌లో పంపించండి.

సెలవే దొరకకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 28 ఉంది. తనకు బదులు ఫలానావారు దావా నడుపుతారని జవాను రాసి, కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సంతకం చేస్తాడు. ఆఫీసరు కూడా సంతకం పెట్టాక దాన్ని కోర్టులో దాఖలు చేయాలి. నాన్నగారైనా, తమ్ముడైనా దాంతో ప్లీడరును పెట్టుకోవచ్చు. ఊళ్లో స్టాంపు కాగితం మీద రాయించుకున్నది దీనికి చాలదు.

ఎవరికీ పట్టనిది మరొకటుంది, 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్. జిల్లావాసి అయిన సైనికుడు కోర్టుకు రాలేడని నమ్మకం కుదిరితే కలెక్టరే ఆ సంగతిని కోర్టుకు ధ్రువీకరించవచ్చు. ఈ అర్జీ కలెక్టర్ చేతికి చేర్చే దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే కావాలి. విజయనగరంలోనూ అంతే.

సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నవారు మాత్రం 32వ సెక్షన్‌ను నమ్ముకోకండి, ఆర్మీ యాక్ట్ వారికి వర్తించదు.

ఎక్స్‌పార్టీ డిక్రీ అప్పటికే వచ్చేసి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఆ తేదీకి రుజువు దాచండి. వాలంటీరు కోర్టులో వాదించలేడు, మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే నల్సా హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి చెప్పండి.