సర్కిల్స్ చాప్టర్‌లోనే ఉన్న మోడ్యులై థియరీ

ఇంటర్ టూబీలో చదివిన సర్కిల్ ఈక్వేషన్ గుర్తుందా, అందులో జి, ఎఫ్, సి అని మూడు నంబర్లుంటాయి, ఆ మూడూ చెప్తే చాలు సర్కిల్ ఏదో తెలిసిపోతుంది. అంటే ఒక్కో సర్కిల్ త్రీడీ స్పేస్‌లో ఒక్కో పాయింట్ అన్నమాట. జి స్క్వేర్ ప్లస్ ఎఫ్ స్క్వేర్ కన్నా సి తక్కువుంటే అసలైన సర్కిల్, సమానమైతే రేడియస్ జీరో అయిపోయి పాయింట్ సర్కిల్ వస్తుంది, అవన్నీ అంచు మీద కూర్చుంటాయి. చూశారా, సర్కిల్స్ అన్నీ కలిసి తామే ఇంకో ఆకారం అయిపోయాయి! ఇలా ఒక రకం ఆకారాలన్నిటినీ పాయింట్లుగా చేసి ఇంకో ఆకారంగా చూడటమే మోడ్యులై థియరీ, అది మొదలయ్యేది ఇక్కడే. మనమేమో రేడియస్ ఫార్ములా బట్టీ పట్టించి వదిలేస్తాం, నాకు నిజంగా బాధేస్తుంది.

మోడ్యులై అనే మాట జర్మన్ మ్యాథమెటీషియన్ రీమాన్‌ది, 1857 నాటిది. గారెకి ఒక చిల్లు ఉంటుంది కదా, అలాంటి చిల్లులు రెండో అంతకన్నా ఎక్కువో ఉన్న సర్ఫేస్‌ని గుర్తుపట్టాలంటే చిల్లుల సంఖ్యని మూడింతలు చేసి మూడు తీసేస్తే ఎంతో అన్ని కాంప్లెక్స్ నంబర్లు కావాలని ఆయన తేల్చాడు. ఆ నంబర్లకే మోడ్యులై అని పేరు పెట్టాడు.

అసలు చిక్కు ఏంటంటే, ఇలా పాయింట్లుగా మార్చేటప్పుడు ఒక రకం ఆకారాలన్నిటినీ చేర్చుకుందామంటే వచ్చే స్పేస్ పాడైపోతుంది, ఒకే దారిన వెళ్తే రెండు వేర్వేరు చోట్లకి చేరతాం. 1960ల్లో మమ్‌ఫర్డ్ అనే మ్యాథమెటీషియన్ 'స్టేబుల్' అయినవాటినే, అంటే తాను పెట్టిన ఒక షరతుకి నిలబడినవాటినే తీసుకోమన్నాడు.

ఇక్కడే మనవాళ్లు వస్తారు. సర్ఫేస్ మీద ప్రతి పాయింట్ దగ్గరా ఒక వెక్టర్ స్పేస్ అతికిస్తే వచ్చేది వెక్టర్ బండిల్. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి 1965లో ఏం చూపించారంటే, వెక్టర్‌ని చిల్లుల చుట్టూ తిప్పి తెచ్చినప్పుడు దాని పొడవు మారకుండా ఉండే పద్ధతులు కొన్నుంటాయి, వాటిలో చిన్న ముక్కలుగా విడిపోనివి ఏవో అవే డిగ్రీ (బండిల్ ఎంత మెలితిరిగిందో చెప్పే నంబర్) జీరో ఉన్న స్టేబుల్ బండిల్స్ అని. ఒకటి ఆల్జీబ్రా, ఇంకోటి టోపాలజీ (చిల్లుల్లాంటివాటిని చూసే లెక్క), రెండూ ఒక్కటే! 1983లో డొనాల్డ్‌సన్ అనే మ్యాథమెటీషియన్ దీనికే జామెట్రీ దారిలో కొత్త ప్రూఫ్ ఇచ్చాడు. రామానుజన్ పేరు చెప్పుకున్నంత గర్వంగా ఈ ఇద్దరి పేర్లూ చెప్పుకోవాలి అంటాను నేను.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన సి. ముసిలి గారు ఈ శేషాద్రితోనే, మ్యాథమెటీషియన్ లక్ష్మీబాయితోనూ కలిసి షూబర్ట్ వెరైటీలు అనే ఒక రకం జామెట్రీ ఆకారాల మీద పేపర్లు రాశారు. అంత దగ్గరగా ఉంది ఇది మనకి. సర్కిల్స్ చాప్టర్ చెప్పే లెక్చరర్లు ఒక్క పీరియడ్ కేటాయించి, జి, ఎఫ్, సి కలిస్తే ఒక పాయింట్ రా అని బోర్డు మీద గీసి చూపిస్తే బాగుండు.