చైన్ లాకు ఏ వైపు తిరిగి ఉందో చూడండి

సైకిలు చైను ఊడదీయాలంటే ఏదో ఒక పిన్నును మేకుతో కొట్టి బయటికి తీయమని చైను గురించిన ఒక వ్యాసంలో రాశారు. గేర్లు లేని మామూలు సైకిలుకు ఆ అవసరం లేదండి. పెడల్ మెల్లగా తిప్పుతూ చూస్తే ఒకచోట చిన్న స్ప్రింగు క్లిప్పు కనిపిస్తుంది, చైను రెండు కొసలను కలిపి ఉంచే లాకు అదే. దాని చీలిక కొసలను పక్కనున్న పిన్ను వైపు ప్లయరుతో నొక్కితే జారి వచ్చేస్తుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి కింద పాత గుడ్డ పరవండి.

అసలు జాగ్రత్త బిగించేటప్పుడు. క్లిప్పు చీలిక లేని, మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి, అంటే పైవరసలో ముందుచక్రం వైపు. మా అమ్మాయి సైకిలుకు నేను దాన్ని తిరగేసి పెట్టాను. వారం తిరక్కుండానే బడికి వెళ్తుంటే క్లిప్పు ఊడి చైను తెగినట్టు జారిపోయింది. పిల్ల పడలేదు గానీ ఆ రోజు నాకు చెయ్యి ఆడలేదు.

ఎలాగూ తీశారు కాబట్టి స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు ఒక లింకు; పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే కిరోసిన్‌లో కడిగి నూనె వేసినా లాభం లేదు, కొత్తది కొనండి. సాగిన చైను చక్రాల పళ్లను కూడా తినేస్తుంది.