పిట్ట నోట్లో నీళ్ళు పొయ్యకండి

ఉగాది దాటిందంటే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. పచ్చటి చిలుక బొమ్మ, కింద "పక్షి ప్రేమికులకు ఏడు సూత్రాలు, పది మందికి పంపండి". ఈ వారంలోనే నాకు నాలుగుసార్లు వచ్చింది. కావలిలో ఉండే మా బావమరిది పంపాడు, ఒంగోలు డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పెద్దమ్మ కూడా పంపింది. అందరూ మంచి మనసుతోనే పంపారు. నాకు కోపం వాళ్ళ మీద కాదు, ఆ ఏడు సూత్రాల మీద. అందులోనూ మొదటిదాని మీద.

"ఎండకు సొమ్మసిల్లి పడిపోయిన పిట్టను చేతిలోకి గట్టిగా తీసుకుని, ముక్కు తెరిచి, ఫిల్లర్‌తో గానీ ఉగ్గుగిన్నెతో గానీ చక్కెర నీళ్ళో పాలో పొయ్యాలి. వెంటనే లేచి ఎగురుతుంది." ఇదీ ఆ సూత్రం.

ఎగరదు. చచ్చిపోతుంది.

పిట్ట నోరు తెరిచి చూసిన వాళ్ళకు తెలుస్తుంది. నాలుక మొదట్లోనే, కళ్ళకు కనిపించేంత దగ్గరలో, ఒక చీలిక ఉంటుంది. ఊపిరి పోయే దారి అదే. మనకు మింగేటప్పుడు శ్వాసనాళం మీద ఒక మూత వాలుతుంది, పిట్టకు ఆ మూత లేదు. తెలివిలో ఉన్న పిట్ట తనంతట తాను తాగితే ఆ చీలికను మూసుకుని, తల పైకెత్తి నీళ్ళను లోపలికి జార్చుకుంటుంది. స్పృహ లేని పిట్టకు ఆ పని చేతకాదు. మనం పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పోయిన ఏడాది రోహిణి కార్తెలో మా కింది ఫ్లాట్ బాబుకు మెట్ల దగ్గర ఒక గోరింక దొరికింది. ఆరో తరగతి పిల్లాడు. వాళ్ళ అమ్మ ఫోన్లో ఈ మెసేజ్ ఉంది. అందులో ఎలా రాసి ఉందో అలాగే చేశాడు. నేను వెళ్ళేసరికి గోరింక ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు వస్తున్నాయి, మెడ వెనక్కి వాలిపోయింది. రెండు నిమిషాలు కూడా బతకలేదు. "నేను సరిగ్గా పొయ్యలేదా అంకుల్?" అని అడిగాడు. సరిగ్గానే పోశాడు. తప్పు రాసినవాడిది.

"గట్టిగా పట్టుకోండి" అన్న మాట ఇంకో ఘోరం. మనకున్నట్టు పిట్టకు పొట్టకూ ఛాతీకీ మధ్య డయాఫ్రమ్ ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఆ ఎముకను పిడికిట్లో బిగిస్తే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరి ఆడదు. ఇక పాల సంగతి. పాలలో ఉండే చక్కెరను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. కోడిపిల్లకు పాలు పట్టిన వాళ్ళను మన ఊళ్ళలో ఎవరినైనా చూశారా? పావురం తన పిల్లలకు పాలు ఇస్తుందని కొందరు వాదిస్తారు. అది గొంతు సంచి గోడల్లో ఊరే ముద్ద, గేదె పాలు కాదు.

చెయ్యవలసింది చాలా తేలిక. పిట్టకు చెమట పట్టదు, దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది, అందుకే నోరు తెరిచి రొప్పుతుంది. గాలి రంధ్రాలు పెట్టిన చెప్పుల డబ్బాలో మెత్తటి గుడ్డ వేసి, నీడలో, సందడి లేని చోట పెట్టండి. కాళ్ళకు కాస్త తడి అద్దండి. లేచి నిలబడ్డాక లోతులేని మూతలో నీళ్ళు పక్కన ఉంచండి, అదే తాగుతుంది. గంట గడిచినా తేరుకోకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి.

రెండో సూత్రం: చిలుక నాలుక మీద వసకొమ్ము గీకితే మాటలు వస్తాయి. వసపిట్ట అనే మాట మనకు ఉంది కాబట్టి దీన్ని ఇట్టే నమ్మేస్తారు. చిలుకకు శబ్దం పుట్టేది నాలుక మీద కాదు, గొంతు పైభాగంలోనూ కాదు. శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఛాతీ లోపల, దాని స్వరపేటిక ఉంటుంది. నాలుకతో ఆ శబ్దాన్ని మలుచుకుంటుంది, అంతే. ఆ నాలుకనే గీకి పుండు చేస్తే తిండి కూడా తినలేదు. అయినా రామచిలుకను పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2018లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం కదా, దాని నాలుక గీకడానికేనా?

మూడోది, మాటలు రావడానికి చిలుకకు పచ్చిమిరపకాయలు పెట్టమని. ఇక్కడ నేను ఓడిపోయాను. నా చిన్నతనంలో మా మేనత్త చిలుకకు రోజూ మిరపకాయ పెట్టేది, నోరు మండుతుందని నేను ఆమెతో ఎప్పుడూ గొడవపడేవాణ్ణి. తర్వాత తెలిసింది, మిరపలో కారం పుట్టించే పదార్థం పక్షుల నరాలకు తగలదట. పక్షులు కాయ తిని గింజలను దూరంగా విసర్జిస్తాయి, మిరప మొక్క వ్యాపించేది అలాగే. అత్త చెప్పిందే నిజం. మిరపకాయ తింటే మాటలు వస్తాయన్నది మాత్రం అబద్ధం.

నాలుగు: మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి చేర్చుకోదు. చేర్చుకుంటుంది. ఈకలు రాని పిల్లైతే గూట్లో పెట్టేయండి. ఈకలు వచ్చి నేల మీద గెంతుతుంటే అసలు ముట్టుకోకండి, అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గరలోనే ఉంటుంది.

ఐదు: లవ్ బర్డ్స్‌కు ఇసుక తినిపించాలి. అక్కర్లేదు. అవి కొర్రలను పొట్టు ఒలిచి తింటాయి. గింజను మొత్తంగా మింగే పావురాలకైతే సన్న గులకరాళ్ళు కావాలి. లవ్ బర్డ్స్‌కు కావలసింది కాల్షియం. మైపాడు ఒడ్డున దొరికే సముద్రపు నురుగు బిళ్ళ (కటిల్ ఫిష్ లోపలి తెల్లటి ఎముక) ఒకటి కడిగి, ఎండబెట్టి పంజరానికి కట్టండి.

ఆరోదాన్ని తేలిగ్గా వదలలేను. జబ్బులు రాకుండా పంజరం దగ్గర రోజూ సాంబ్రాణి పొగ వెయ్యాలట! పక్షికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు ఉంటాయి, చాలా పక్షులకు తొమ్మిది. పీల్చినా వదిలినా కొత్త గాలి ఊపిరితిత్తుల గుండానే పోతుంది. కాబట్టి పొగ మనకంటే ముందు దానికే పడుతుంది. బ్రిటన్‌లో బొగ్గు గనుల్లోకి విషవాయువు కనిపెట్టడానికి కానరీ పిట్టలను 1986 దాకా తీసుకుపోయింది ఇందుకే. సాంబ్రాణి, దోమల చక్రం, మాడిన నాన్‌స్టిక్ పెనం, ఏ పొగా పంజరం ఉన్న గదిలో వద్దు.

ఏడోది, మేడ మీద పక్షులకు నీళ్ళ గిన్నె పెట్టమని. పెట్టండి. లోతు తక్కువ ఉండాలి, రోజూ కడగాలి.

గ్రూపుల్లో పెట్టినవాళ్ళు ఆ మెసేజ్ డిలీట్ చెయ్యండి. ఎవరికి పంపారో వాళ్ళకు ఫోన్ చేసి మొదటి సూత్రం తప్పని చెప్పండి. రోహిణి కార్తె ఇంకా రాలేదు.